రేచీకటి

హెల్మీ తూరాస్ రాసిన పదమూడు నవలలకూ
ప్రూఫులు దిద్దింది నేనే.
కామాలంటే ఆమెకు లెక్కలేదు,
హత్యలు మాత్రం పొల్లుపోకుండా చేసేది.

టార్టులో, నది గడ్డకట్టే నెలల్లో
అట్టపెట్టెలో రాతప్రతి వచ్చేది.
పైన ఉల్లిపాయల వాసన, లోపల ఒక శవం,
ఎప్పుడూ మర్యాదస్తుల ఇంట్లోనే.
మిలీషియా ఇన్‌స్పెక్టర్ ఓట్ లేపిక్ వచ్చేవాడు
పొద్దెక్కాక,
గుమ్మం ముందు బూట్ల మంచు దులుపుకుని,
ఒక్కసారే తలుపు తట్టి
తీసేదాకా నిలబడేవాడు.

మొదటి నవలకే సంపాదకుడు ఎర్రసిరాతో గీశాడు:
"హంతకుడెవరో రాత్రి పదింటికే తేలిపోయిందిగా,
తెల్లారేదాకా ఆగడమేమిటి? పారిపోడూ?"
ఆమె వాదించలేదు.
మూడో అధ్యాయంలో ఒక్క వాక్యం ఇరికించి పంపింది:
"లేపిక్‌కు చిన్నప్పటినుంచీ రేచీకటి."

ఆ రేచీకటిని దేశమంతా ప్రేమించింది.
క్యారెట్లు తినమనండి, చేపనూనె తాగమనండి,
మా మరిదికి దానితోనే కుదిరింది, అంటూ ఉత్తరాలు.
పర్ను నుంచి ఓ కళ్ళడాక్టరైతే
నాలుగు పేజీల వైద్యం రాశాడు.
అన్నిటికీ ఓపిగ్గా జవాబిచ్చేది.
వెనక పేరులేని కవర్లు మాత్రం
విప్పకుండానే పొయ్యిలోకి.

నాకు అనుమానం రావడానికి ఇరవై ఏళ్ళు పట్టింది
(డిటెక్టివ్ నవలలు దిద్దేవాడికి ఇంత మందబుద్ధి!).
నాలుగో నవలలో, ఏడో దాంట్లో, తొమ్మిదో దాంట్లో
లేపిక్‌కు ఆకాశరామన్న ఉత్తరం వస్తుంది.
చదవడు. సొరుగులో పడేస్తాడు.
కేసు ఆర్నెల్లు దేకుతుంది.
ఉత్తరంలో ఉన్నది నిజమేనని చివర్లో తెలిసినా
నాలుక కరుచుకోడు.

అడిగాను ఒకరోజు.
టీలో చక్కెర కలుపుతూ, వంటకం చెప్పినట్టు చెప్పింది:
నలభై తొమ్మిది, మార్చి. నాకు తొమ్మిదేళ్ళు.
రాత్రి మూడున్నరకి లారీ.
తలుపు తట్టారు, తట్టడం ఆపలేదు.
అమ్మ రొట్టెపిండి గంగాళానికి దుప్పటి కప్పి
పొయ్యి పక్కకి జరిపింది,
పొద్దున్నే తిరిగొచ్చేస్తామన్నట్టు.
సైబీరియా పోయే రైలుపెట్టెలో
నాకు ఆ పిండి గురించే బెంగ.
పొంగి, పొర్లి, ఖాళీ ఇంట్లో
నేలంతా పాకుతుంటుందని.

నాన్నమ్మ చర్చి నుంచి తెచ్చుకున్నవన్నీ
దారిలోనే ఎక్కడో పారేసుకుందట.
ఒక్కటి మిగిలింది:
చేసినవాడు తన నోటితో, వెలుతురులో, చెప్పాలి.
అందుకే లేపిక్ ఎదుట కూర్చున్న ప్రతి హంతకుడికీ
ఒక రొట్టెముక్క, కావలసినంత టైము.
విమర్శకులు దాన్ని
కథనంలో మందకొడితనం అన్నారు.

పాత ఫైళ్ళు తెరిచిన ఏడు
రైలెక్కి టాలిన్ వెళ్ళింది.
ఆకాశరామన్నకీ దస్తూరీ ఉంటుంది కదా.
నీలం సిరా. గుండ్రటి అక్షరాలు,
కిందికి దిగిన తోక
సున్నా చుట్టి పైకెగిరే తీరు.
ఆ తోక తిప్పడం, బళ్ళో మొదటి ఏడు,
వేళ్ళు పట్టి దిద్దించిన చెయ్యే అది.

నాకూ తెలుసు ఆ దస్తూరీ.
ముప్పయ్యేళ్ళుగా నేను కామాలు పెడుతున్నది
ఆ తోకల మధ్యే.

పదమూడో నవల టైపు చేసి వచ్చింది.
అదే మొదటిసారి.
లేపిక్ రిటైరయ్యాడు. అయినా వెళ్తాడు,
ఒక ముసలి టీచరమ్మ ఇంటికి, పొద్దున పదింటికి.
బూట్లు దులుపుకుంటాడు.
ఒక్కసారి తడతాడు.
లోపల కుర్చీ జరిగిన చప్పుడు.
అక్కడితో కాగితాలు అయిపోయాయి.

మార్జిన్‌లో పెన్సిలుతో అడిగాను:
"ఇక్కడో పేజీ జారిపోయిందా?"

తిరిగొచ్చింది ప్రూఫు.
పెన్సిలుతోనే జవాబు,
కొత్తగా రాయడం నేర్చుకుంటున్నవాళ్ళలా
విడివిడిగా, తోకల్లేని అక్షరాలు:
"లేదు. ఆమె తలుపు తియ్యాలి."